హింస ఎందుకు మొదలవుతుంది, ఎందుకు ఆగదు: ఒక తునికాకు కట్ట కథ

మన పేపర్లకు ఒక అలవాటు ఉండేది. సిరిసిల్ల అడవుల్లో మందుపాతర పేలితే ‘తీవ్రవాదులు’ అని రాసేవి. హైదరాబాద్‌లో బాంబు పేలితే ‘ఉగ్రవాదులు’ అని రాసేవి. ఈ రెండు మాటల మధ్య గీత ఎక్కడుందో ఎవరూ రాసిపెట్టలేదు గానీ చదివేవాళ్లకు తెలిసిపోయేది. తీవ్రవాది అంటే మనూరి పిల్లాడు, దారి తప్పినవాడు. ఉగ్రవాది అంటే ఎక్కడి నుంచో ఊడిపడ్డవాడు. చట్టానికి మాత్రం ఈ పట్టింపు లేదు. 2009 జూన్‌లో కేంద్రం మావోయిస్టు పార్టీని కూడా ఉగ్రవాద సంస్థల జాబితాలోనే చేర్చింది.

ఏ మాట సరైనదన్న వాదన ఇప్పట్లో తెగదు. దాని వెనకున్న సంగతి మాత్రం గమనించాలి. మనూరివాడైతే ‘వీడిలా ఎందుకయ్యాడు’ అని అడుగుతాం. పైవాడైతే అడగం, అడిగినవాణ్ణి కూడా అనుమానంగా చూస్తాం. కారణం వెతకడమంటే వెనకేసుకు రావడమే అన్న భయం ఒకటి మనలో పాతుకుపోయింది.

అసలు ‘కారణం ఏమిటి’ అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మొదటివాడు తుపాకీ ఎందుకు పట్టాడు? ఇరవై ఏళ్ల తర్వాత చేరినవాడు దాన్ని ఎందుకు దించలేదు? ఈ రెండింటికీ ఒకటే జవాబు అనుకోవడం వల్లే సగం వాదనలు దారి తప్పుతాయి. ఒకవైపు వాళ్లు ఎప్పుడూ మొదటి ప్రశ్నకే జవాబు చెబుతారు: భూమి, వెట్టి, అడవి. రెండోవైపు వాళ్లు రెండోదానికే చెబుతారు: వసూళ్లు, హత్యలు, బలవంతం. ఇద్దరూ చెప్పేది నిజమే. తెలుగు నేల మీద నక్సలైట్ ఉద్యమం మొదలవడమూ, సద్దుమణగడమూ ఒక మనిషి జీవితకాలంలోనే జరిగిపోయాయి కాబట్టి రెంటినీ విడదీసి చూసే వీలు మనకు ఉంది.

పేదరికం అనే తేలిక జవాబు

ముందు దీన్ని పక్కన పెడదాం. కరువే హింసను పుట్టించేటట్టయితే మొదట అంటుకోవాల్సింది అనంతపురం, ఆ తర్వాత పాలమూరు. అంటుకున్నది శ్రీకాకుళం ఏజెన్సీ. తర్వాత జగిత్యాల, సిరిసిల్ల. నాయకుల్ని చూసినా అంతే. పీపుల్స్ వార్ (తర్వాత మావోయిస్టు పార్టీలో కలిసిన నక్సలైట్ పార్టీ) పెట్టిన కొండపల్లి సీతారామయ్య వరంగల్‌లో హిందీ మాస్టారు. ఆయన తర్వాత పగ్గాలు పట్టిన గణపతి కూడా టీచరే. ఆ తర్వాత ప్రధాన కార్యదర్శి అయిన నంబాల కేశవరావు వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివిన శ్రీకాకుళం మనిషి. 2025 మేలో ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. కింది దళాల్లో ఆదివాసీ, దళిత, బీసీ పిల్లలు ఉండేవారు నిజమే, కానీ ఆకలికి తాళలేక ఎవరూ దళంలో చేరలేదు. ఆకలైనవాడు బొంబాయికో దుబాయికో పోతాడు. కరీంనగర్ జిల్లా నుంచి అలా పోయినవాళ్లు దళాల్లో చేరినవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మరి ఏది కదిలించింది? శ్రీకాకుళంలో జరిగింది చూడండి. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. దానికి వెళ్తున్నవాళ్లను లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు తుపాకీ గుండ్లకు చనిపోయారు. గిరిజనులు వెంటనే తుపాకులు పట్టలేదు. కేసు పెట్టారు, కోర్టుకెళ్లారు, ఎదురుచూశారు. 1968లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. సాయుధ పోరాటం ఆ తర్వాతే మొదలైంది.

ఎదురుచూసిన ఆ కాలమే నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తుంది. అన్యాయం కొత్తగా పుట్టలేదు. షావుకారి అప్పు, కాగితం మీద వేలిముద్ర, చేజారిన పొలం, ఇవన్నీ తాతల నాటి నుంచీ ఉన్నవే. కొత్తగా జరిగిందల్లా, ఒక తలుపు తట్టి చూసి అది తెరుచుకోదని తేలిపోవడం. ఆ సమయానికి పక్కనే వేరే దారి చూపించేవాళ్లు సిద్ధంగా ఉండటం. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లు, ఏళ్ల తరబడి ఆ కొండల్లో గిరిజనులతో కలిసి తిరిగినవాళ్లు. అన్యాయం ఒక్కటే ఉంటే జనం భరిస్తారు. దానికి మూసుకున్న తలుపు, చేయి పట్టుకుని తీసుకెళ్లే మనిషి తోడైతే సంగతి వేరు.

ఆ ఇద్దరూ 1970 జూలై 10న పోలీసుల చేతిలో చనిపోయారు. పోలీసుల మాట ఎన్‌కౌంటర్. పట్టుకుని చంపారన్నది ఉద్యమం మాట. అదే ఏడాది ప్రభుత్వం 1/70 చట్టం తెచ్చి, ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా కట్టడి చేసింది. ఒక చేత్తో తుపాకీ, మరో చేత్తో చట్టం. చట్టం మంచిదే, 1988లో సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. అమలు సంగతి ఏజెన్సీలో ఏ సంతకెళ్లి ఎవరినడిగినా చెబుతారు.

కట్టకు యాభై ఆకులు

ఇప్పుడు గోదావరి ఇవతలికి వద్దాం. ఏప్రిల్ చివర, మే నెల తునికాకు సీజన్, అంటే బీడీలు చుట్టే ఆకు. తెల్లవారుజామున చీకటితోనే అడవికి పోతారు, ఆడవాళ్లే ఎక్కువ. ఎండ ముదరకముందే మూటతో ఇంటికొస్తారు. మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నీడన కూర్చుని ఆకులు పేర్చి, నారతో కట్టలు కడతారు. యాభై ఆకులు ఒక కట్ట. సాయంత్రం వాటిని కాంట్రాక్టర్ కల్లానికి మోసుకెళ్లి లెక్క అప్పజెప్పాలి. లెక్కపెట్టేవాడు ‘ఆకు బాగాలేదు’ అని కొన్ని కట్టలు తీసి పక్కన పడేస్తే అడిగే దిక్కు లేదు. 1980ల మొదట్లో ఒక్కో కట్టకు ఇచ్చేది పైసల్లోనే.

దళాలు అడవి ఊళ్లలోకి వచ్చి మొదట పట్టుకున్న విషయాల్లో ఇదొకటి. ఆకు కోత కొద్ది వారాల పనే. ముదిరితే బీడీకి పనికిరాదు. కోయడం ఆపితే నష్టం కాంట్రాక్టర్‌దే. ఈ చిన్న లెక్క అప్పటిదాకా కూలీలకు తెలియక కాదు, కలిసి ఆపే ధైర్యం లేక. వెనక తుపాకీ ఉందనగానే ధైర్యమొచ్చింది. కట్ట రేటు ఏటేటా పెరిగింది. ఫారెస్ట్ గార్డు కోడిని, నెయ్యిని మామూలుగా పట్టుకుపోవడం ఆగింది. ‘అన్నలు’ అనే పిలుపు భయంతో పుట్టింది కాదు, ఆ రేటుతో పుట్టింది.

అదే ఆకు తర్వాతి కథ కూడా చెబుతుంది. కొన్నేళ్లకు కాంట్రాక్టర్‌కు ఒక సంగతి తెలిసొచ్చింది. వేలమంది కూలీలకు పైసలు పెంచడం కంటే దళానికి ఒకేసారి ముట్టజెప్పడం చవక. దళానికీ ఖర్చులున్నాయి: తూటాలు, మందులు, బట్టలు, పట్నంలో షెల్టర్లు. కట్ట రేటు మీద మొదలైన బేరం ‘పార్టీ ఫండ్’ ఎంతన్న బేరంగా మారింది. రోడ్డు కాంట్రాక్టర్, సారా వ్యాపారి కూడా అదే లైన్లోకి వచ్చారు. దొర గడి విడిచి హైదరాబాద్ వెళ్లిపోయి చాలా ఏళ్లయినా దళం మాత్రం ఉంది, ఎందుకంటే దానికి ఇప్పుడు దొరతో పని లేదు.

మొదటి కారణం తీరిపోయినా హింస ఆగకపోవడానికి ఇదొక దారి. ఇంకోటి చావు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతుకూలీ సంఘాలు పెద్ద ఊరేగింపు తీశాయి. దాన్నే జైత్రయాత్ర అంటారు. అడిగినవి వెట్టి వద్దని, కూలి పెంచమని, దొరలు కలుపుకున్న భూములు వదలమని. వెట్టిని నిషేధిస్తూ చట్టం వచ్చి అప్పటికే రెండేళ్లు! అంటే వాళ్లడిగింది చట్టం అమలు. నెల తిరిగేసరికి ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. పోలీసు క్యాంపులు దిగాయి. సంఘంలో పేరున్న కుర్రాళ్లు ఇళ్లలో పడుకోలేని పరిస్థితి. పడుకోవడానికి అడవికి పోయినవాళ్లు అక్కడే ఉండిపోయారు. 1980 ఏప్రిల్‌లో పీపుల్స్ వార్ పుట్టేనాటికి మనుషులు సిద్ధంగా ఉన్నారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకొచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం చనిపోయింది 13 మంది. పౌరహక్కుల సంఘాలు అంతకు చాలా ఎక్కువని చెప్పాయి. అక్కడ కట్టిన స్థూపాన్ని కూడా తర్వాత ఒకసారి పేల్చేశారు, మళ్లీ కట్టాల్సి వచ్చింది. చచ్చిపోయినవాళ్ల గుర్తునే పడగొడితే వాళ్ల పిల్లలకు ఏం చెప్పినట్టు?

ఇక మూడోది భయం. రాత్రి అన్నలొచ్చి అన్నం అడిగితే పెట్టాలి. పొద్దున్నే పోలీసులొచ్చి ఎందుకు పెట్టావంటారు. ఏదో ఒక పక్క ఉండక తప్పని పరిస్థితి ఊరి మీద పడ్డాక, ఆ పక్క ఎంచుకోవడంలో సిద్ధాంతం ఏమీ ఉండదు. ఇన్ఫార్మర్ అన్న ముద్ర వేసి చంపి, శవం పక్కన లేఖ వదిలిన ఘటనల్లో చనిపోయింది ఎక్కువగా పేదవాళ్లే. పెద్ద పేర్లు మనకు గుర్తుంటాయి: 1993లో లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్లు కాల్చి చంపిన ఐపీఎస్ అధికారి వ్యాస్, 1999లో మాజీ స్పీకర్ శ్రీపాదరావు, 2000లో ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు బలైన మంత్రి మాధవరెడ్డి. సర్పంచులు, చిన్న రైతులు, ఆదివాసీ కుర్రాళ్ల పేర్లు ఆ ఊళ్లకే గుర్తు. ఉద్యమాన్ని దగ్గరి నుంచి చూసిన హక్కుల నాయకుడు బాలగోపాల్ ఈ హింసనూ ప్రశ్నించాల్సిందేనని పట్టుబట్టి, పౌరహక్కుల సంఘం నుంచి 1998లో బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టారు. అప్పట్లో రెండు వైపులా ఆయన్ను తిట్టారు.

ఏది పనిచేసింది

ఆంధ్ర, తెలంగాణల్లో ఇది ఎలా తగ్గిందంటే పోలీసులు గ్రేహౌండ్స్ అంటారు. 1989లో వ్యాస్ తయారుచేసిన ప్రత్యేక పోలీసు దళం అది. చిన్న జట్లుగా అడవిలో రోజుల తరబడి నడిచి, కచ్చితమైన సమాచారం ఉంటేనే కదిలేది. పాత పద్ధతిలో ఊరంతా చుట్టుముట్టి వందమందిని తన్నితే పదిమంది కొత్తగా దళంలో చేరేవాళ్లు. ఆ తేడా పోలీసులకు తెలియడానికి పదేళ్లు పట్టింది. వాళ్ల మాటలో నిజముంది, కానీ మొత్తం నిజం కాదు.

ఆ ఏళ్లలో ఊళ్లూ మారాయి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. తరతరాలుగా ఊరి లెక్కలు, భూమి కాగితాలు ఒకే ఇంట్లో ఉండటం ఒక్క దెబ్బతో పోయింది. రోడ్లు పడ్డాయి, కాలేజీలొచ్చాయి, గల్ఫ్ డబ్బులొచ్చాయి. దొర ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచినవాడి మనవడు జగిత్యాలలో సెల్‌ఫోన్ షాపు పెట్టాడు. వాడికి దళం చెప్పేది వినడానికి తీరిక లేదు. తర్వాత తెలంగాణ ఉద్యమం వచ్చి, కోపం చూపించడానికి తుపాకీ అక్కర్లేని దారి ఒకటి దొరికింది.

అమెరికాలోని రాండ్ సంస్థ 2008లో ఒక అధ్యయనం వేసింది. 1968 నుంచి 2006 దాకా ప్రపంచంలో ఉన్న 648 సాయుధ సంస్థలు చివరికి ఏమయ్యాయని చూసింది. అంతర్గత చీలికలను పక్కన పెడితే, అంతమైనవాటిలో 43 శాతం రాజకీయాల్లోకి వచ్చి ఆగాయి. 40 శాతం పోలీసు, నిఘా పని వల్ల ఆగాయి. సైన్యం వల్ల ఆగినవి 7 శాతం. ఇంకో 10 శాతం అనుకున్నది సాధించి ఆగాయి. మన అనుభవంతో ఇది చాలావరకు సరిపోతుంది. ఒకరు లొంగిపోతే ఇంకో నలుగురికి ధైర్యం వస్తుంది, ఒక ఎన్‌కౌంటర్ జరిగితే ఇంకో ఇద్దరికి పగ పుడుతుంది. అందుకే లొంగుబాటు ప్యాకేజీని నేను చిన్నచూపు చూడను. అక్షరాలా ఇంటికొచ్చే దారి అది. పదిహేనేళ్లు అడవిలో ఉన్నవాడికి రేషన్ కార్డు లేదు, బ్యాంకు ఖాతా లేదు, నెత్తిన పాత కేసులున్నాయి. ఇవి తీర్చే గుమాస్తా మండలాఫీసులో దొరికితే అది ఒక ఆపరేషన్‌తో సమానం. 2025 అక్టోబర్‌లో మావోయిస్టు నాయకుడు, పెద్దపల్లి మనిషి మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో పదుల సంఖ్యలో సహచరులతో ఆయుధాలు అప్పగించడం ఈ వరసలోనిదే. ఆయన అన్న కిషన్‌జీ 2011లో బెంగాల్ ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు.

ఈ దారిలో గుంతలు లేకపోలేదు. లొంగిపోయినవాళ్లలో కొందరిని మాజీ సహచరుల మీదికే ఉసిగొల్పారన్న ఆరోపణలు వచ్చాయి. ఎవరో తెలియని పేర్లతో, పులుల పేర్లతో, పాముల పేర్లతో ముఠాలు పుట్టి హక్కుల కార్యకర్తలను చంపాయి. మాజీ నక్సలైట్ నయీం 2016లో షాద్‌నగర్‌లో చనిపోయేనాటికి భూదందాల సామ్రాజ్యమే కట్టుకున్నాడు. హింసను హింస చేసేవాడి చేతే కడిగిద్దామన్న తెలివికి బిల్లు ఇలాగే వస్తుంది.

తప్పుడు అరెస్టుల సంగతీ ఇక్కడే చెప్పాలి. 2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలి తొమ్మిది మంది పోయారు, తర్వాత పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు. వెంటనే పాతబస్తీ ముస్లిం కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకుపోయారు. తర్వాత కోర్టులు నిర్దోషులన్నాయి, ప్రభుత్వం పరిహారం ప్రకటించింది, దాని మీదా కోర్టు గొడవే. మూడు నెలలకే లుంబిని పార్కు, గోకుల్ చాట్ దగ్గర 42 మంది ప్రాణాలు పోయాయి. తప్పుడు మనిషిని లోపల వేసిన ప్రతిసారీ అసలు మనిషి బయట ఉంటాడన్నది లెక్కల్లోకి రాదు.

శంకరన్ కూర్చున్న బల్ల

మాటలతో ముగించే ప్రయత్నం ఒక్కసారి గట్టిగా జరిగింది. దాని వెనకున్న మనిషి కథ చెప్పకుండా ఉండలేను. ఎస్.ఆర్. శంకరన్ ఐఏఎస్. వెట్టి చాకిరీ నుంచి మనుషుల్ని విడిపించడం, హాస్టళ్లు, గిరిజన సంక్షేమం ఆయన పని. 1987 డిసెంబర్‌లో తూర్పు గోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు అధికారులను ఎత్తుకెళ్లారు. అందులో ఆయన కూడా ఉన్నారు. పదేళ్ల తర్వాత అదే శంకరన్ పౌరస్పందన వేదికను నడిపించి, ‘ఇద్దరూ కాల్పులు ఆపండి, మాట్లాడుకోండి’ అంటూ ప్రభుత్వం చుట్టూ, పార్టీ చుట్టూ తిరిగారు. 2003 అక్టోబర్‌లో అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు మీద క్లేమోర్ మందుపాతరలు పేలినప్పుడు ఇక అంతా అయిపోయిందనుకున్నారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, 2004 అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో నక్సలైట్ నాయకులు మంత్రులతో ఎదురెదురుగా కూర్చున్నారు.

నాలుగు రోజుల్లో భూమి గురించి మాట్లాడుకున్నారు. ఆ ఊపులోనే కోనేరు రంగారావు అధ్యక్షతన భూముల కమిటీ కూడా వచ్చింది. పీటముడి పడింది ఆయుధాల దగ్గర. చేతిలో తుపాకీతో ఊళ్లలో తిరగొద్దని ప్రభుత్వం, తుపాకీ విడిచే ప్రసక్తే లేదని పార్టీ. 2005 జనవరికల్లా ఎన్‌కౌంటర్లు మళ్లీ మొదలయ్యాయి. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, ఆయనతో ఉన్నవాళ్లను కాల్చి చంపారు. రెండు రోజులకు పార్టీ మీద నిషేధం. వెనక్కి తిరిగి చూస్తే ఇద్దరూ కాల్పుల విరామాన్ని ఊపిరి తీసుకోవడానికే వాడుకున్నారనిపిస్తుంది. మొదటి ప్రశ్నకు, అంటే భూమికి, ఆ బల్ల మీద జవాబు దొరికేదే. రెండో ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు: పాతికేళ్లుగా తుపాకీతోనే బతికిన సంస్థ తుపాకీ లేకుండా ఏమవుతుంది?

ఇక్కడ ఒత్తిడి పెరిగాక దళాలు గోదావరి దాటి బస్తర్‌లో కుదురుకున్నాయి. అక్కడ మొదటి కారణం ఇంకా పచ్చిగానే ఉంది. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వా జుడుం పేరుతో ఆదివాసీల చేతికే ఆయుధాలిచ్చి ఆదివాసీల మీదికి పంపారు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆదివాసీ కుర్రాళ్లను ప్రత్యేక పోలీసులుగా ఇలా వాడటం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే వేలమంది ఇటు దళాలకూ అటు జుడుంకూ భయపడి సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చేశారు. వాళ్లనే మనం గొత్తికోయలు అంటున్నాం.

వాళ్లు అడవి నరికి పోడు కొట్టుకున్నారు. వలస వచ్చినవాళ్లు కాబట్టి పోడు పట్టాలకు వాళ్లు లెక్కలోకి రారు. అటవీ శాఖ ఆ భూమిలో మొక్కలు నాటుతుంది, వాళ్లు పీకుతారు, గుడిసెలు తీసేస్తారు, మళ్లీ వేసుకుంటారు. 2022 నవంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలం ఎర్రబోడు దగ్గర ఇలాంటి గొడవలోనే ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్‌ను నరికి చంపారు. డ్యూటీలో ఉన్న మనిషి. దాని వెనక ఏ పార్టీ లేదు, ఏ దళమూ లేదు. తర్వాత గొత్తికోయలను ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది. వాళ్లు ఎక్కడికీ పోలేదు. ఏప్రిల్ వస్తే ఆ గుడిసెల్లోని ఆడవాళ్లు చీకటితోనే లేచి తునికాకుకు పోతారు. కట్టకు ఇప్పటికీ యాభై ఆకులే.